కొండయు కడలియు – ఒకే సెలవులలో

శిలారోహణమును, వీపున గాలి సిలిండరు ధరించి సముద్రమున మునుగు స్కూబా డైవింగును ఒకే సెలవులలో కోరువారు స్థలము నెన్నుకొనునపుడు మూడు విషయములు విచారింపవలెనని మా అభిప్రాయము: ఋతువు, రాయి, దినముల వరుస. థాయిలాండులోని క్రాబీ తీరమును ఉదాహరణముగా గైకొందము.

అచటి రైలే ద్వీపకల్పమును సున్నపురాతి కొండలు అడ్డగించుటచే పడవపైననే చేరవలెను. డైవింగునకు ఫీఫీ దీవులు చేరువనే కలవు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వానలు తక్కువ. పిదప నైరుతి ఋతుపవనముచే సముద్రము కల్లోలమగును.

తీరశిలలలో బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు సైతము ఉప్పుగాలికి లోలోపల బీటలువారి తెగవచ్చును. కావున టైటానియం బోల్టులున్న మార్గములే శ్రేయస్కరములు.

నీటి అడుగున ఒత్తిడిచే నైట్రోజను శరీరమున అధికముగా కరగును. వెంటనే విమానమెక్కినచో అది బుడగలై ప్రాణాపాయము కలిగింపవచ్చును. వరుసగా పలుదినములు మునిగినవారు కనీసము 18 గంటలు ఆగవలెను. మునిగిన వెంటనే కఠినశ్రమయు తగదు. కనుక ముందు కడలి, నడుమ ఒకనాటి విశ్రాంతి, పిదప కొండ. రైలే శిలలు సముద్రమట్టమునకు చేరువగా నుండుట ఈ వరుసకు అనుకూలము. సాహసమునకు ఆలోచన తోడైననే విహారము క్షేమకరమగునని మన విద్యార్థులు గ్రహింతురుగాక.