వెనుక బండి కనబడే వరకు ఆగండి



వేసవి సెలవులు మొదలయ్యాయంటే మన ఆసుపత్రి క్యాజువాలిటీకి రెండు రకాల కేసులు ఎక్కువగా వస్తాయి. ఒకటి వడదెబ్బ. రెండవది ప్రయాణాలలో జరిగే ప్రమాదాలు. పెళ్లికో, కన్వెన్షన్‌కో, అమ్మమ్మగారింటికో నవ్వుతూ బయలుదేరినవారు స్ట్రెచర్ మీద రావడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే వీటిలో చాలావరకు ముందు జాగ్రత్తతో తప్పించగలిగినవే.

ప్రయాణంలో జాగ్రత్త అంటే ఏమిటో బాగా నేర్చుకున్నవారు కొందరున్నారు. వారు ఆస్ట్రేలియా దేశంలోని ఫోర్ వీల్ డ్రైవ్ టూరింగ్ క్లబ్బుల సభ్యులు. మన సంఘాలలోని ఎన్నో కుటుంబాల పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు ఆ దేశం వెళ్లి ఉన్నారు. తల్లిదండ్రులు కూడా వెళ్లి చూసి వస్తున్నారు. అందుచేత ఈ క్లబ్బుల సంగతి మనకు అంత దూరపు సంగతి కాదు.

జీపు క్లబ్బులో ఏమి చేస్తారు?

మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో నాలుగు చక్రాలకూ అందుతుంది. అందువల్ల ఇసుకలో, బురదలో, రాళ్ల దారిలో కూడా అది ముందుకు సాగగలదు. మన పల్లెల్లో దీనిని జీపు అనే పేరుతోనే ఎరుగుదుము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం జీపు తయారైంది. 1948లో ఇంగ్లండులో ల్యాండ్ రోవర్ వచ్చింది. ఆ తరువాత జపాను బండ్లు వచ్చాయి. ఆస్ట్రేలియా లోపలి ప్రాంతం చాలావరకు ఎర్రమట్టి ఎడారి, వందల కిలోమీటర్ల నిర్జన ప్రదేశం. అక్కడ తిరగాలనుకునే కుటుంబాలు కలిసి క్లబ్బులు పెట్టుకున్నాయి.

క్లబ్బు సభ్యులు నెలకొకసారి కూడుకుంటారు. వెళ్లివచ్చిన ప్రయాణం గురించి ఒకరు చెబుతారు, రాబోయే ప్రయాణానికి పేర్లు వ్రాసుకుంటారు. కొత్తగా చేరినవారికి ముందు శిక్షణ ఇస్తారు. ఇసుకలో దిగబడిన బండిని లాగడం ఎలా, వాగులో నీటి లోతు చూడడం ఎలా, ప్రథమ చికిత్స ఎలా అన్నవి నేర్పుతారు. అడవి దారుల్లో పడిన చెట్లు తొలగించడం, పార్కుల్లో చెత్త ఏరడం వంటి సేవా కార్యక్రమాలు కూడా చేస్తారు.

ఒక చిన్న ఉదాహరణ. మెత్తని ఇసుకలోకి వెళ్లే ముందు వీరు టైర్లలో గాలి సగానికి సగం తగ్గిస్తారు. గాలి తగ్గితే టైరు పరచుకుని, బరువు ఎక్కువ నేల మీద పడి, బండి దిగబడదు. మళ్లీ గట్టి రోడ్డు ఎక్కగానే గాలి నింపుకుంటారు. బలం చూపించడం కాదు, ఒదిగి నడవడం వారు నేర్చుకునే మొదటి పాఠం.

వెనుకవారి బాధ్యత ముందువారిది

ఈ క్లబ్బులు ఒంటరిగా వెళ్లవు. అయిదారు బండ్లు వరుసగా సాగుతాయి. అన్నిటికంటే ముందు నాయకుని బండి ఉంటుంది. అన్నిటికంటే వెనుక అనుభవం ఉన్న మరొకరి బండి ఉంటుంది. ఆ చివరి బండిని దాటి ఎవరూ వెనుక మిగిలిపోకూడదు. బండి బండికీ మధ్య రేడియోలో మాట్లాడుకుంటారు.

వారి నియమాలలో మా మనసుకు బాగా తగిలినది ఒకటుంది. దారి మలుపు తిరిగినప్పుడు ప్రతి డ్రైవరు అక్కడే ఆగాలి. వెనుక వచ్చే బండి తనను చూసి, తానూ ఆ మలుపు తిరుగుతానని తెలిసే వరకు కదలకూడదు. వెనుక బండి రాలేదంటే ఇతడు ఆగుతాడు. ఇతడు ఆగాడు కాబట్టి ముందువాడు ఆగుతాడు. అలా చివరి బండికి టైరు పంక్చరైతే మొదటి బండి కూడా నిలిచిపోతుంది. ఎవరూ ఎవరినీ వెతుక్కుంటూ తిరగనక్కరలేదు.

నా తమ్మునికి నేను కావలివాడనా అన్న అర్థంలో కయీను వేసిన ప్రశ్న మనందరికీ తెలిసినదే. ఈ క్లబ్బులవారు దానికి ప్రతి మలుపులోనూ జవాబు చెబుతున్నారు.

1963లో జరిగిన విషాదం

ఇంత కట్టుదిట్టం ఎందుకని అనిపించవచ్చు. దక్షిణ ఆస్ట్రేలియాలోని మర్రీ నుండి క్వీన్స్‌లాండ్ అంచున ఉన్న బర్డ్స్‌విల్ అనే చిన్న ఊరికి 517 కిలోమీటర్ల మట్టిదారి ఉంది. 1963 డిసెంబరులో ఆ ప్రాంతంలో ఒక కుటుంబం దారి తప్పింది. తల్లి, తండ్రి, ముగ్గురు కుమారులు. కారులో పెట్రోలు అయిపోయింది. అక్కడ డిసెంబరు అంటే నడి వేసవి. వారు కారును విడిచి నీళ్ల కోసం కాలినడకన బయలుదేరారు. అయిదుగురూ ఆ ఎండకు ప్రాణాలు విడిచారు.

అప్పటినుండి ఆ దేశంలో ఎడారి ప్రయాణికులకు పదేపదే చెప్పే మాట ఒకటే. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండండి. బండి నీడనిస్తుంది, వెదికేవారికి ఆకాశం నుండి కూడా కనబడుతుంది. నడిచిపోయే మనిషి కనబడడు.

ఆ దారికి పడమరగా సింప్సన్ ఎడారి ఉంది. అందులో ఒకదాని వెనుక ఒకటి 1,100 వరకు ఇసుక దిబ్బలు ఉన్నాయి. 1962లో రెగ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు భార్యతో, ఇద్దరు పిల్లలతో కలిసి మొదటిసారి మోటారు బండిలో దానిని దాటాడు. ఇప్పుడు ఏటా ఎందరో దాటుతున్నారు. అయినా ప్రతి సంవత్సరం డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు, ఎండలు భరించలేనంతగా ఉంటాయి కనుక, దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ పార్కును మూసివేస్తుంది. ఎంత మంచి బండి ఉన్నా, ఎంత అనుభవం ఉన్నా ఆ నెలల్లో ప్రవేశం లేదు. వద్దు అన్న కాలంలో ఆగడం కూడా ధైర్యమే.

ఒక దైవసేవకుని తపన

ఈ ఎడారిలో జబ్బు చేస్తే ఏమిటి గతి? ఈ ప్రశ్న ఒక పాస్టరుగారిని నిద్రపోనివ్వలేదు. ఆయన ప్రెస్బిటేరియన్ సంఘానికి చెందిన రెవరెండ్ జాన్ ఫ్లిన్. 1912లో ఆయన నాయకత్వాన ఆస్ట్రేలియన్ ఇన్‌లాండ్ మిషన్ ప్రారంభమైంది. మారుమూల ఊళ్లలో నర్సులతో చిన్న ఆసుపత్రులు పెట్టారు. కాని డాక్టరు చేరడమే కష్టం.

1917లో జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరి గుర్రం మీదనుండి పడి తీవ్రంగా గాయపడ్డాడు. అతనిని హాల్స్ క్రీక్ అనే ఊరికి తెచ్చారు. అక్కడ డాక్టరు లేడు. పోస్టుమాస్టరుగారు పెర్త్ నగరంలోని డాక్టరుకు టెలిగ్రాఫ్ కొట్టి, ఆయన తంతి ద్వారా చెప్పినట్లు, చేతిలో ఉన్న చిన్న కత్తితో ఆపరేషన్ చేశారు. డాక్టరుగారు ఓడలో, కారులో, ఎన్నో రోజులు ప్రయాణం చేసి వచ్చారు. ఆయన చేరేసరికి డార్సీ ముందురోజే కన్నుమూశాడు. ఆపరేషన్ వల్ల కాదు, ఎవరూ గుర్తించని మలేరియా కూడా అతనిలో ఉంది.

ఈ సంగతి ఫ్లిన్‌గారిని కదిలించింది. విమానంలో డాక్టరును పంపాలని ఆయన ఏళ్ల తరబడి ప్రయాసపడ్డారు. చివరకు 1928 మే 17న క్లాంకరీ ఊరి నుండి మొదటి డాక్టరు విమానం లేచింది. మొదటి సంవత్సరంలోనే 50 సార్లు ఎగిరి 225 మంది రోగులకు సేవ చేసింది. 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ తయారుచేసిన, కాళ్లతో త్రొక్కి కరెంటు పుట్టించే రేడియోలు మారుమూల ఇళ్లకు చేరాయి. అలా పుట్టినదే నేటి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు. ఫ్లిన్‌గారి బొమ్మ ఆ దేశపు ఇరవై డాలర్ల నోటు మీద ఉంది. నేడు జీపు క్లబ్బులవారు ఎడారిలోకి ధైర్యంగా వెళ్తున్నారంటే వారి వెనుక ఈ సేవ ఉంది. అందుకే చాలా క్లబ్బులు ఈ సేవ కోసం చందాలు పోగుచేసి ఇస్తుంటాయి.

అంకెల బొమ్మ

1942 నుండి ఫ్లయింగ్ డాక్టరు సేవవారు మారుమూల ఇళ్లకు మందుల పెట్టెలు పంపసాగారు. ప్రతి మందుకూ ఒక నంబరు ఉంటుంది. 1951లో లూసీ గార్లిక్ అనే నర్సు మరొక మంచి పని చేసింది. మనిషి శరీరాన్ని ముందు వైపు, వెనుక వైపు బొమ్మగా గీసి, భాగాలుగా విడదీసి గుర్తులు వేసింది. కడుపులో నొప్పి అంటే ఎక్కడో డాక్టరుకు ఎలా తెలుస్తుంది? బొమ్మ చూసి ఫలానా నంబరు దగ్గర నొప్పి అని రేడియోలో చెబితే వందల మైళ్ల దూరాన ఉన్న డాక్టరుకు అర్థమవుతుంది.

మా రోగులకు కూడా ఇదే మనవి. ఫోనులో గాని, ఓ.పి.లో గాని "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకోకండి. ఎక్కడ, ఎప్పటినుండి, ఏ మందులు వాడుతున్నారు అన్న మూడు సంగతులు చెప్పండి. చికిత్స త్వరగా మొదలవుతుంది.

పాముకాటు గురించి ఒక హెచ్చరిక

ఆస్ట్రేలియా క్లబ్బుల ప్రథమ చికిత్స శిక్షణలో పాముకాటుకు చేయి లేక కాలు పొడవునా బిగువైన బ్యాండేజీ చుట్టమని నేర్పుతారు. అక్కడి పాములకు అది సరిపోతుంది. అక్కడ ఉన్న మీ పిల్లలు ఫోనులో అలాగే చెప్పవచ్చు. కాని మన దగ్గర ఆ పద్ధతి పాటించవద్దు. రక్తపింజర వంటి పాముల విషం కాటువేసిన చోట కండను పాడుచేస్తుంది. బిగించి కడితే నష్టం పెరుగుతుంది. కోయవద్దు, నోటితో పీల్చవద్దు, త్రాడు కట్టవద్దు, నాటు మందులతో కాలం గడపవద్దు. ఉంగరాలు, గాజులు తీసివేసి, చేయి లేక కాలు కదలకుండా ఉంచి, ధైర్యం చెప్పి, వెంటనే విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకురండి.

మంచులో, వరదలో

ఇటువంటి బండ్లున్నవారు సరదాకే తిరుగుతారనుకోకూడదు. ఇంగ్లండులో 2018 ఫిబ్రవరి, మార్చి నెలల్లో భారీగా మంచు కురిసి రోడ్లు మూసుకుపోయినప్పుడు, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లున్న వాలంటీర్లు నర్సులను, డాక్టర్లను ఇళ్ల నుండి ఆసుపత్రులకు చేర్చారు. అదే సంవత్సరం ఆగస్టులో కేరళ రాష్ట్రం వరదల్లో మునిగినప్పుడు జాలరులు పడవలతో ఆదుకుంటే, జీపు క్లబ్బుల యువకులు తమ బండ్లతో మనుషులను, ఆహారాన్ని, మందులను మోశారు. మంచి సమరయుడు గాయపడినవానిని తన వాహనం మీదనే ఎక్కించుకున్నాడని మరువకండి.

మన ప్రయాణాలకు కొన్ని సూచనలు

మనకు ఎడారి లేకపోవచ్చు. మే నెల ఎండ మాత్రం ఉంది. ప్రయాణానికి ముందు ఈ సంగతులు గుర్తుంచుకోండి.

1. ఎప్పుడు బయలుదేరుతున్నారో, ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి చేరతారో ఇంట్లో ఒకరికి చెప్పండి. చేరగానే ఫోను చేయండి.

2. తాగునీరు సరిపడా తీసుకోండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత నీరు త్రాగవచ్చో ముందే డాక్టరును అడగండి.

3. షుగరు, బి.పి., మూర్ఛ మందులు రెండు మూడు రోజులకు అదనంగా పెట్టుకోండి. షుగరు ఉన్నవారి జేబులో గ్లూకోజు గాని, చక్కెర గాని ఉండాలి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో ఉంచవద్దు. వేడికి అది పాడవుతుంది.

4. పేరు, జబ్బు, వాడే మందులు, పడని మందులు, ఇంటి ఫోను నంబరు ఒక కాగితం మీద వ్రాసి పర్సులో ఉంచండి.

5. సీటు బెల్టు, హెల్మెట్ తప్పనిసరి. ట్రాక్టరు ట్రాలీలో, ఆటోలో కిక్కిరిసి వెళ్లవద్దు. రెండు గంటలకొకసారి డ్రైవరుకు విశ్రాంతి ఇవ్వండి.

6. ఆపిన కారులో పిల్లలను, వృద్ధులను ఒక్క నిమిషమైనా వదలవద్దు.

7. ఎండలో తిరిగినవారు తడబడి మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. 2005లో మన తెలుగు నేలపై మొదలైన ఈ సేవకు డబ్బు కట్టనక్కరలేదు.

చివరిగా ఒక మాట. మీ కుటుంబంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఎవరు? మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మా, నెలలు నిండిన కోడలా, డయాలసిస్ చేయించుకునే తాతగారా? ప్రయాణపు వేగం వారిని బట్టి నిర్ణయించండి. మలుపు తిరిగే ముందు ఒక్కసారి వెనక్కి చూడండి. వెనుకవారు కనబడే వరకు ఆగండి.

ఈ సెలవులలో మీరందరూ క్షేమంగా వెళ్లి క్షేమంగా తిరిగి రావాలని మా ఆసుపత్రి కుటుంబం అంతా ప్రార్థిస్తున్నది.