మోటర్ ఆన్ అయింది సరే, నీళ్ళు వచ్చినయా?

బోరు మోటర్‌కి టైమర్, ఫోన్ కంట్రోల్ పెట్టాలంటే ఏం తెలిసి ఉండాలి? ఈ వ్యాసం దాని గురించే. నేను సీఎస్‌ఈ చదువుతున్నా, మాది ఇబ్రహీంపట్నం దగ్గర బాలాపూర్. పోయిన దసరా సెలవుల్లో మా పెద్దనాన్న పొలంలో 5 హెచ్‌పీ మోటర్‌కి ఇది పెట్టాం. వైరింగ్ అంతా మా ఊళ్ళో కరెంటు పని చేసే అన్న చేశాడు, ప్రోగ్రామ్ నేను రాశాను. స్కూల్ అంతా ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఫేజ్, కాయిల్, రిలే లాంటి వాటికి తెలుగు మాటలు ఏంటా అని మొదట వెతికాను. తర్వాత చూస్తే పెద్దనాన్న కూడా ఫేజ్‌ని ఫేజ్ అనే అంటాడు. అందుకే ఇక్కడ కూడా అలాగే రాస్తున్నా.

అసలు ఎందుకు?

ఇప్పుడు 24 గంటల కరెంటు ఉంది కదా, వెళ్ళి బటన్ నొక్కితే అయిపోతుంది కదా అని మీకు అనిపించొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత కరెంటు వచ్చింది కానీ అది రోజుకి కొన్ని గంటలే, అది కూడా విడతలుగా. ఒక విడత రాత్రిపూట పడేది. టార్చ్ పట్టుకుని గట్ల మీద నడుస్తూ పాము కాటుకి పోయినవాళ్ళు, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టి పోయినవాళ్ళు చాలామంది. ఈ బాధ తప్పించుకోవడానికే రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటర్ దానంతట అదే ఆన్ అవుతుంది.

దీనితో ఇంకో సమస్య మొదలైంది, చిన్న లెక్క వేస్తే అర్థమవుతుంది. 5 హెచ్‌పీ మోటర్ నడుస్తున్నప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో మాత్రం దానికి ఆరు రెట్ల దాకా, అంటే దగ్గర దగ్గర 48. ఒక 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగేది ఫేజ్‌కి సుమారు 84 ఆంపియర్లు. దాని కింద పది మోటర్లు ఉంటే నడిచేటప్పుడు 80, సరిపోతుంది. కానీ కరెంటు రాగానే పది ఆటో స్టార్టర్లు ఒకేసారి పడితే 480! ఫ్యూజులు పోవడం, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడం ఊరికే జరగలేదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను అడిగింది. రోజంతా కరెంటు ఉంటే ఆటో స్టార్టర్ ఉన్న మోటర్ రోజంతా నడుస్తూనే ఉంటుంది, బోరు ఎండిపోతుంది. అంటే ఇప్పుడు కావాల్సింది మోటర్‌ని ఆన్ చేసే పరికరం మాత్రమే కాదు, సరైన టైమ్‌కి ఆపే పరికరం.

స్టార్టర్ డబ్బాలో ఏముంది?

మామూలు డీఓఎల్ స్టార్టర్‌లో ముఖ్యంగా మూడు భాగాలు ఉంటాయి. మొదటిది కాంటాక్టర్. దాని కాయిల్‌కి కరెంటు అందితే అయస్కాంతంలా పనిచేసి మూడు ఫేజుల కాంటాక్టులని మూస్తుంది, మోటర్ తిరుగుతుంది. రెండోది ఓవర్‌లోడ్ రిలే. మోటర్ ఎక్కువ కరెంటు లాగుతుంటే వేడెక్కి కాయిల్ దారిని తెంపేస్తుంది. మూడోది బటన్లు. పచ్చ బటన్ మామూలుగా తెరిచి ఉంటుంది, నొక్కితే కలుస్తుంది. ఎర్ర బటన్ మామూలుగా కలిసి ఉంటుంది, నొక్కితే తెగుతుంది.

మరి పచ్చ బటన్ వదిలేశాక కూడా మోటర్ ఎలా నడుస్తుంది? కాంటాక్టర్ పక్కన ఇంకో చిన్న కాంటాక్ట్ ఉంటుంది. కాంటాక్టర్ పడగానే అది కూడా కలిసి, పచ్చ బటన్ పని తను చేస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఇది ఒక బిట్ మెమొరీ! కరెంటు పోతే ఆ బిట్ సున్నా అవుతుంది. అందుకే ఆటో లేని స్టార్టర్ కరెంటు మళ్ళీ వచ్చినా దానంతట అది ఆన్ కాదు. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ.

ఎక్కడ కలపాలి?

ఇక్కడ ఒకే రూల్ గుర్తుంచుకోండి. ఫోన్ మన వేలి బదులు రావాలి, స్టార్టర్ బదులు కాదు.

అంటే స్టార్ట్ రిలేని పచ్చ బటన్‌కి సమాంతరంగా కలపాలి. అది ఒక సెకను కలిసి వదిలేస్తే చాలు. స్టాప్ రిలేని ఎర్ర బటన్‌తో వరుసలో కలపాలి. మామూలుగా కలిసే ఉంటుంది, ఆపమన్నప్పుడు మాత్రమే తెగుతుంది. ఇలా చేస్తే మన బోర్డ్ చచ్చిపోయినా పెద్దనాన్న వెళ్ళి చేత్తో బటన్ నొక్కి మోటర్ నడుపుకోగలడు. రిలే నుంచి నేరుగా కాయిల్‌కి వైర్ లాగితే మాత్రం ఎర్ర బటన్, ఓవర్‌లోడ్ రెండూ పక్కకి పోతాయి. అప్పుడు మోటర్ కాలిపోతుంటే ఆపేది ఎవరు?

మన కాలేజీ ప్రాజెక్టులు చేసేవాళ్ళకి ఇంకో ముఖ్యమైన మాట. మనం కొనే చిన్న నీలం రంగు రిలేల మీద 250 వోల్టులు అని రాసి ఉంటుంది. పొలం స్టార్టర్లలో కాయిల్ చాలావరకు రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద ఉంటుంది. ఆ రిలే ల్యాబ్‌లో బల్బ్ వెలిగించడానికి సరిపోతుంది కానీ ఇక్కడ పనికిరాదు. మధ్యలో 415 వోల్టులకు తగిన కాంటాక్టులు ఉన్న ఇంకో రిలే పెట్టాలి. మేము అదే చేశాం. ఇంకోటి, బోర్డ్ ఆన్ అయ్యే మొదటి క్షణంలో పిన్నులు ఒక్కోసారి తప్పు సిగ్నల్ ఇస్తాయి. అందుకని బోర్డ్ లేచి, అన్నీ సర్దుకున్నాకే రిలేకి ఆర్డర్ వెళ్ళేలా సర్క్యూట్, ప్రోగ్రామ్ రెండూ ఉండాలి.

చలి దేశాల్లో కూడా ఇదే కథ

మన ఎండలకు పూర్తిగా ఉల్టా ఉండే దేశాల్లో కూడా ఇలాంటి పరికరమే ఉంది. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చోట్ల చలికాలంలో కారు ఎక్కే ముందే ఇంజిన్, లోపలి గాలి వెచ్చబడటానికి వేరే హీటర్ పెట్టుకుంటారు. అది కారు ట్యాంక్‌లోని పెట్రోల్ లేదా డీజిల్‌నే కొద్దికొద్దిగా మండిస్తుంది. దానికి టైమర్, రిమోట్ ఉంటాయి. అక్కడ కూడా రూల్ ఇదే. టైమర్ హీటర్ కంట్రోలర్‌కి ఆర్డర్ మాత్రమే ఇవ్వాలి, పవర్ వైర్‌ని తెంపకూడదు. ఎందుకంటే మంట ఆరిపోయాక కూడా ఫ్యాన్ కొంతసేపు తిరిగి హీటర్‌ని చల్లబరచాలి. పవర్ ఒక్కసారిగా తెంపితే ఆ పని జరగదు. మూసిన గ్యారేజీలో కారు ఉందని మర్చిపోయి రిమోట్ నొక్కితే విషవాయువు నిండుతుంది. దూరం నుంచి బటన్ నొక్కేవాడికి అక్కడ ఏం జరుగుతుందో కనపడదు. అసలు సమస్య అదే.

ఆర్డర్ వేరు, నిజం వేరు

ఫోన్‌తో మోటర్ నడపడం కొత్త ఆలోచన ఏమీ కాదు. పుణెకి చెందిన సంతోష్ ఓస్త్వాల్ చేసిన ‘నానో గణేశ్’ 2009లోనే నోకియా పోటీలో బహుమతి గెలిచింది. ఇప్పుడు మార్కెట్‌లో చాలా రకాల మొబైల్ స్టార్టర్లు ఉన్నాయి.

కొనే ముందు ఒక షాపులో డెమో చూశాం. కాల్ చేసి 1 నొక్కగానే రిలే టక్‌మంది, ఫోన్‌కి ‘మోటర్ ఆన్’ అని మెసేజ్ వచ్చింది. పెద్దనాన్న అది చూసి, “మోటర్ ఆన్ అయిందని వచ్చింది సరే బిడ్డా, నీళ్ళు వచ్చినయా లేదా ఎట్ల తెలుస్తది?” అన్నాడు.

నా దృష్టిలో మొత్తం ప్రాజెక్ట్‌కి ఇదే అసలు ప్రశ్న. రిలే కలిసింది అంటే ఆర్డర్ వెళ్ళింది అని మాత్రమే అర్థం. ఒక ఫేజ్ లేకపోవచ్చు, ఓవర్‌లోడ్ పడి ఉండొచ్చు, బోరులో నీళ్ళే లేకపోవచ్చు. సబ్‌మర్సిబుల్ మోటర్‌ని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్ళే. నీళ్ళు లేకుండా నడిస్తే వైండింగ్ కాలుతుంది. తర్వాత మోటర్ పైకి లాగడం, రీవైండింగ్, మళ్ళీ దింపడం... ఆ లోపల పంట ఎండుతుంది.

దీనికి జవాబు కరెంటు కొలవడమే. మోటర్ వైర్ చుట్టూ సీటీ అనే రింగ్ పెడితే ఎంత కరెంటు పోతుందో తెలుస్తుంది. నీళ్ళు నిండుగా పోస్తున్నప్పుడు మా మోటర్ 8 ఆంపియర్ల దగ్గర ఉంది. నీళ్ళు తగ్గితే మోటర్ మీద బరువు తగ్గి కరెంటు కూడా తగ్గుతుంది. అందులో మూడో వంతు తగ్గి, పది సెకన్లు అలాగే ఉంటే ఆపేయమని రాశాను. స్టార్టింగ్ కరెంటు లెక్కలోకి రాకుండా మొదటి కొన్ని సెకన్లు వదిలేశాను. మూడు ఫేజులకీ మూడు సీటీలు పెట్టాం, ఒక ఫేజ్ పోయినా వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు మెసేజ్ రిలేని చూసి కాదు, సీటీని చూసి వెళ్తుంది.

టైమర్ ఏం లెక్కపెట్టాలి?

‘ఆరు గంటలకు ఆన్, ఎనిమిదికి ఆఫ్’ అని పెడితే మధ్యలో గంట కరెంటు పోతే మడి సగమే తడుస్తుంది. అందుకే మా టైమర్ గడియారం టైమ్ కాకుండా మోటర్ నిజంగా నడిచిన నిమిషాలు లెక్కపెడుతుంది. ఆ లెక్క కరెంటు పోయినా చెరిగిపోని మెమొరీలో ఉంటుంది. కరెంటు వచ్చాక వెంటనే స్టార్ట్ చేయదు, అయిదు నిమిషాలకు పైగా ఆగుతుంది. పైపులోని నీళ్ళు కిందికి దిగి పంపు నిలబడే టైమ్ దొరుకుతుంది. ఒక్కో రైతు ఒక్కో రకం గ్యాప్ పెట్టుకుంటే పైన చెప్పిన 480 ఆంపియర్ల సమస్య కూడా రాదు.

సిమ్ గురించి రెండు మాటలు. తక్కువ ధర మాడ్యూళ్ళు చాలావరకు 2జీవే, వాటిలో జియో సిమ్ పనిచేయదు. రీఛార్జ్ అయిపోతే మోటర్ మాట వినదు, ఆ తేదీ ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. ముందే ఎక్కించిన నంబర్ల నుంచి వచ్చే కాల్స్‌కి మాత్రమే అది పలకాలి, లేకపోతే రాంగ్ నంబర్‌కి కూడా మోటర్ ఆన్ అవుతుంది.

ప్రాణం సంగతి

ఫోన్ కంట్రోల్ పెట్టాక ఒక కొత్త ప్రమాదం వస్తుంది. పొలంలో ఒకరు డబ్బా తెరిచి వైర్ బిగిస్తుంటే, ఇంట్లో ఇంకొకరు ఆ సంగతి తెలియక కాల్ చేయొచ్చు. అందుకే ‘చెయ్యి–ఫోన్’ అని రెండు వైపులా తిరిగే ఒక స్విచ్ తప్పకుండా పెట్టండి. ‘చెయ్యి’ వైపు తిప్పితే ఫోన్ స్టార్ట్ పనిచేయకూడదు. అయినా సరే, మోటర్ ఆఫ్‌లో ఉంది అని మెసేజ్ వచ్చిందని డబ్బాలో చెయ్యి పెట్టకండి. మోటర్ ఆగినా స్టార్టర్ దాకా 415 వోల్టులు ఉంటాయి. మెయిన్ స్విచ్ తీసి, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూసుకున్నాకే ముట్టుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజ్ పని లైన్‌మన్‌దే, మనది కాదు. డబ్బాకి ఎర్త్ ఉందో లేదో కూడా అదే రోజు చూసేయండి.

సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇలాంటిది పెట్టమని అడుగుతారు, ‘కంప్యూటర్ చదువుతున్నవు కదా’ అని. పెట్టండి, కష్టమేమీ కాదు. ప్రోగ్రామ్ రెండు రోజుల పని. కానీ వైరింగ్‌కి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మెసేజ్‌లో మాత్రం రిలే చెప్పింది కాకుండా మోటర్ చెప్పింది పంపండి.