చేయి తిరుగుట

ఏ విద్యయందైనను ఆరితేరినవానిని తెలుగువారు ‘చేయి తిరిగినవాడు’ అందురు. ఈ నానుడి టెన్నిసు ఆటకు అక్షరాల వర్తించును. రాకెట్టు పట్టిన చేతివైపునకు వచ్చిన బంతిని, అరచేయి ముందుకు చూచునట్లు కొట్టు దెబ్బ ఫోర్‌హ్యాండు. ఆటగానికి మొట్టమొదట అబ్బు విద్య అదియే; కడదాక దిద్దుకొనవలసిన విద్యయు అదియే.

తొలి మెట్టున కావలసినది బలము కాదు, పొందిక. బంతి వచ్చుచుండగనే భుజములను ప్రక్కకు త్రిప్పవలెను. దానిని దేహమునకు ముందుగనే అందుకొనవలెను. ఆలస్యమైనచో ఎంతటి బలశాలికైనను గురి తప్పును.

రెండవ మెట్టున చిక్కు ఎదురగును. గట్టిగా కొట్టిన బంతి చివరి గీటు దాటిపోవును. మెల్లగా కొట్టినచో ప్రత్యర్థికి వరమగును. దీనికి విరుగుడు బంతిని దొర్లించుట. రాకెట్టును క్రిందినుండి పైకి ఈడ్చుచు కొట్టినచో బంతి ముందునకు దొర్లుచు పోవును. గాలి దానిని క్రిందికి వంచును. వలకు రెండు మూరల ఎత్తున పోయిన బంతియు గీటు లోపలనే పడును. ఇందులకై పట్టు మారవలెను: అరచేయి పిడి వెనుకకు, ఇంచుక క్రిందికి జరుగవలెను.

అసలు పరీక్ష ఇచటనే. పాత పట్టుతో గెలుచుచున్నవాడు క్రొత్త పట్టుతో కొన్నాళ్ళు ఓడును. నిన్న తాను గెలిచినవానిచేతనే నేడు ఓడుట పసిమనస్సునకు కష్టమే.

స్పెయిను దేశపు మయోర్కా ద్వీపమున 1986లో జన్మించిన రఫేల్ నడాల్ చిన్ననాట ఫోర్‌హ్యాండును రెండు చేతులతో కొట్టెడివాడు. ఆ తీరుననే గెలుచుచుండెను. రమారమి పదేళ్ళ ప్రాయమున, గురువును పినతండ్రియునైన టోనీ ఒక చేయి వదలుమనెను. రెండు చేతుల దెబ్బ తప్పు కాదు; మోనికా సెలెస్ దానితోనే 1991లో ప్రపంచమున ప్రథమస్థానమందెను. కాని దానివలన అందుకొనగల దూరము తగ్గును. కుడిచేత వ్రాయు ఆ బాలుడు రాకెట్టునకు ఎడమచేతిని నిలుపుకొనెను. ఆ ఎడమచేతి దెబ్బయే ప్రధానాయుధముగా 2005 మొదలు 2022 వరకు ఫ్రెంచి ఓపెన్‌ను 14 మారులు గెలిచెను.

మార్పు సాగుచున్న దినములలో శిష్యుని గెలుపోటములతో తూచరాదు. బంతి ఎంత నిండుగా దొర్లి, ఎచట పడుచున్నదో చూడవలెను. ఆ పిదప మూడవ మెట్టు: చేతికన్న ముందు కాళ్ళు కదలి తగినచోట నిలుచుట.

గెలుచుచున్న శిష్యుని ఆపి ‘ఇది చాలదు’ అనగల గురువు, కొన్నాళ్ళు ఓటమిని ఓర్చుకొనగల శిష్యుడు — ఈ ఇరువురును కలిసిననాడే చేయి తిరుగును.