వంటచెఱకు, పొట్టుగుళికలు: ఇంట నిలువచేయు విధము



నేటి ప్రసంగవిషయము వంటచెఱకును ఇంట నిలువచేయు విధము. ధాన్యము దాచుటను గూర్చి చెప్పిన వినువారు కలరు గాని, రేపు కాలి బూడిద కానున్న వస్తువును దాచుటకు ఒక ప్రసంగ మెందుకని మీలో కొందఱు నవ్వవచ్చును. నవ్వుడు, కాని వినుడు. సంస్కృతమున దీనికి ఇంధనమని పేరు. ‘ఇంధ్’ అను ధాతువునకు ప్రజ్వలించుట అర్థము. తడిసి పొగ గ్రక్కునది వ్యుత్పత్తినిబట్టి చూచినను ఇంధనము కానేరదు. కావున కట్టెను దాచువాడు దాని యెండుదనమును గూడ దాచినగాని ఆ దాచుట దాచుట కాదు.

మన కర్నూలు, కడప సీమలలో నేడు గ్యాసుపొయ్యి చేరని ఊరు అరుదు. 1999లో దీపము పథకము వచ్చినది మొదలుగా ఆ మార్పు సాగినది. అయినను నీళ్లు కాగుటకును, సంగటి కెలుకుటకును, పెండ్లివంటలకును కట్టెపొయ్యి పెరడు విడిచిపోలేదు. కందికట్టె, పత్తికట్టె, పిడకలు, వేరుసెనగ పొట్టు, అన్నిటికిని మించి సర్కారుతుమ్మ. ఈ తుమ్మ మన నేల పుట్టినది కాదు. 1877 ప్రాంతమున జమైకా ద్వీపమునుండి విత్తులు తెప్పించి కడప జిల్లాలోని కమలాపురమున నాటించిరి. వంటచెఱకు కొఱత తీర్చుటకై వచ్చిన ఆ చెట్టు నేడు చెఱువులను, బీళ్లను ఆక్రమించి కూర్చున్నది. అది వేఱు కథ.

తడి చేయు నష్టము ఎంతయో లెక్కవేసి చూతము. నీరు పూర్తిగా తీసిన కట్టె ఒక కిలో కాలినచో సుమారు 4,400 కిలోకాలరీల వేడి పుట్టును. అప్పుడే కొట్టిన పచ్చికట్టెలో దాదాపు సగము నీరే. అనగా కిలో పచ్చికట్టెలో అరకిలో మాత్రమే కట్టె. దానివలన వచ్చు 2,200లో సుమారు 300 ఆ నీటిని ఆవిరిగా మార్చుటకే సరిపోవును. ఇంతతో పోయిన బాగుండును. నీరు మరగుచున్నంతసేపు పొయ్యి చల్లబడియుండుటచే, కట్టెనుండి వెలువడు వాయువులు మండక పొగయై పోవును. ఆ పొగ పోవునది మిన్నునకు కాదు, పొయ్యి యెదుట కూర్చున్న కోడలి కన్నులలోనికిని, ఊపిరితిత్తులలోనికిని. ఊదుగొట్టముతో ఊది ఊది దగ్గుచున్న ఇల్లాలిని చూచి ఆమె పనితనమును నిందించుట అన్యాయము. ఆ కట్టెను వాన కప్పగించినవాడే దానికి బాధ్యుడు.

“మాది మెట్టసీమ, వానయే కఱవు, తడి యెక్కడిది?” అని మీరు అడుగవచ్చును. సంవత్సరమున మనకు పడునది సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. కాని అందులో పెద్దపాలు ఆగస్టు మొదలు నవంబరు లోపల పడును. వేరుసెనగ పెఱికి కాయ ఒలుచు దినములు, పొట్టు గుట్టలుగా పడు దినములు సరిగా ఆ చివరి వారములే. ఎనిమిది నెలలు ఎండిన కట్టె పది దినముల ముసురుతో చెడును. ఎండకాలమున ఎవ్వరును జాగ్రత్తపడరు. జాగ్రత్త తలపునకు వచ్చునప్పటికి వాన పడుచుండును.

కట్టెను నేలపై వేయరాదు. నేలలోని చెమ్మ పైకి ప్రాకును. మనకు కడపబండలకును, బేతంచెర్ల బండలకును కొదువలేదు. అయితే బండను నేలపైనే పఱచిన చాలదు. నాలుగు ఱాళ్లపై జానెడెత్తున నిలిపి దానిపై పేర్చిన, క్రింద గాలి యాడును. పైకప్పు వాన కొట్టని విధముగ వాలియుండవలెను. ప్రక్కలు మాత్రము తెఱచియుంచవలెను. టార్పాలు కప్పి నలుదిక్కుల బిగించి కట్టువారు లోపలి చెమ్మను లోపలనే బంధించుచున్నారు. గోడకును కట్టెకును నడుమ చేయి దూఱునంత సందుండిన గాలికి గాలి, తేలున్నచో కన్నులబడును. చీకటిలో కట్టెల మోపున చేయి పెట్టి తేలుకాటు తిన్నవారు లేని గ్రామము మన సీమలో నేనెఱుగను. వామిదొడ్డికిని కట్టెల కుప్పకును, ఆ రెంటికిని పొయ్యిబూడిద పోయు చోటునకును ఎంత దూరముండిన అంత మేలు. బూడిదలో నిప్పు మఱునాటి వఱకు బ్రదికియుండుట మీకు తెలియనిది కాదు.

ఇక క్రొత్తగా వచ్చిన గుళికల మాట. ఱంపపుపొట్టును గాని, వేరుసెనగ పొట్టును గాని మెత్తగా పొడిచేసి, ఇనుప అచ్చుల రంధ్రములలో మిక్కిలి యొత్తిడితో నదిమి చిటికెనవ్రేలికంటె సన్నని ముక్కలుగా తీయుదురు. వీనినే పెల్లెట్లందురు. అమెరికాలో 1980 దశకమున ఆరెగాన్ రాష్ట్రమునందు ఈ గుళికలతో నడుచు కాల్పుపొయ్యి పుట్టినది. దానిని పెల్లెట్ గ్రిల్లందురు. అచ్చట కాపురమున్న మన పిల్లలు కొందఱు పెరటిలో దీనిపై కోడిని, కూరగాయలను కాల్చుకొనుచున్నారు. మన దేశమునను 2006లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సువారి సహాయముతో ఊర్జ అను గుళికల పొయ్యి వెలువడి, మహారాష్ట్ర, కర్ణాటకములలో చాల ఇండ్లకు చేరినది. తరువాత గుళికల వెల పెరుగగా, కొన్నవారిలో పెక్కండ్రు దానిని మూలకు త్రోసిరి. పొయ్యి మంచిదే, ఇంధనము ఇతరుల చేతిలో నుండుటయే చిక్కు. మన సీమలో పొట్టునకు లోటు లేదు గనుక ఆ చిక్కు మనకు కొంత తక్కువ కావచ్చును.

గుళిక కట్టెవంటిది కాదు. కట్టె తడిసిన మరల ఎండును. గుళిక తడిసినచో ఉబ్బి, విచ్చి, పొట్టై పోవును. ఎండబెట్టినను మరల గుళిక కాదు. మంచి గుళికలో నీరు నూటికి పదిపాళ్లకు మించదు. వాననీరు తగులనక్కఱలేదు; ముసురుగాలి చాలును. యూరియా సంచివంటి నేతసంచిలో చెమ్మ చొచ్చును. మూత గట్టిగా పడు ఇనుపపీపాయో, ప్లాస్టిక్ డ్రమ్మో కావలెను; దానిని బండపై, ఎండ సూటిగా తగులని చావడి క్రింద ఉంచవలెను. పీపా అడుగున చేరు పొడిని అప్పుడప్పుడు జల్లించి తీసివేయవలెను. ఆ పొడి పొయ్యిలో గాలిదారిని పూడ్చును. బూజుపట్టిన పొట్టుధూళి ఉబ్బసరోగులకు హాని.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. మన పెద్దలు జొన్నలను పాతరలలో దాచిరి. పాతర వాన చొరని చోటు గదా, వట్టిదై పడియున్నది గదా, పొట్టుగుళికలు అందులో పోసిన నేమి, అని ఎవరికైన తోచవచ్చును. ఖాళీ నీటితొట్టిని చూచినను అట్లే తోచును. ఆ పని చేయకుడు.

పాతర తెఱచినవెంటనే దిగరాదని మీరెఱుగుదురు. గింజ ఊపిరి తీయుటచే లోపలి ప్రాణవాయువు తఱిగి బొగ్గుపులుసుగాలి నిండియుండును. అందుచే మూత తీసి గాలి పోనిచ్చి, త్రాటితో దీపము దింపి చూచెడివారు. దీపము వెలిగిన దిగుదురు, ఆఱిన ఆగుదురు. జొన్నపాతరకు ఇది మంచి పరీక్షయే. గుళికలకు ఇది పనికిరాదు. కట్టెపొడిలోని క్రొవ్వుపదార్థములు గాలితో కలసి మార్పుచెందునప్పుడు కార్బన్ మోనాక్సైడను వాయువు పుట్టును. చలికాలమున మూసినగదిలో బొగ్గులకుంపటి పెట్టుకొని నిద్రించినవారిని చంపునది అదియే. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో వేయింట ఒక పాలున్నను కొన్ని గంటలలో ప్రాణము తీయగలదు. ఆ పాటి వాయువునకు దీపము రెపరెపలాడనుగూడ ఆడదు. దీపము నిశ్చలముగా వెలుగుచుండును, దిగినవాడు పడిపోవును. పైగా పొడిధూళి నిండినచోటికి దీపము దింపుట నిప్పును పిలుచుటయే.

ఇది ఊహ కాదు. 2006లో స్వీడన్ దేశమున హెల్సింగ్‌బోర్గ్ రేవునందు గుళికలు తెచ్చిన ఓడలో, సరకుగదికి చేరిన మెట్లదారిన దిగిన నావికుడొకడు ఈ వాయువువలన మరణించెను. తరువాతి సంవత్సరములలో జర్మనీ, ఐర్లండు, స్విట్జర్లండు దేశములలో గుళికల కొట్లలోనికి ప్రవేశించినవారు మరణించిరి. ఆ కొట్లలో కొన్ని ఇండ్లకు చేరినవే. క్రొత్తగా చేసిన గుళికలనుండి మొదటి వారములలోను, వేడి యెక్కువైనప్పుడును ఈ వాయువు హెచ్చుగా వెలువడును. మన చైత్రవైశాఖములు ఎట్టివో మీకు చెప్పవలెనా? పొట్టుగుళికలకు ఈ గుణము లేదని నమ్మి ధైర్యముపడుటకు వీలులేదు.

ఒకటి రెండు పీపాలు ఆరుబయట చావడిలో నున్నంతమాత్రమున భయపడ నక్కఱలేదు. పడుకొను గదిలో మాత్రము ఉంచకుడు. గ్రామమునకంతకు కలిపి టన్నులకొలది నిలువచేయదలచినచో నేలపైననే కొట్టు కట్టి, ఎదురెదురు గోడలలో పైనను క్రిందను జాలీలు పెట్టింపుడు. తలుపులు బార్లా తీసి చాలసేపు గాలి యాడనిచ్చి, బయట ఒకరు నిలిచియుండగా లోనికి పోవలెను. లోనున్నవాడు కూలినచో అతనిని తెత్తునని రెండవవాడు తటాలున దూకరాదు. పాతరలలోను, బావులలోను ఇట్లే ఒకని వెంట ఒకడు పోయిన సంగతులు విన్నారు. నడుమునకు త్రాడు కట్టుకొని పోయినవానిని బయటినుండి ఈడ్చవచ్చును. అందుచే త్రాడు ముందే కట్టవలెను.

గుళిక మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు రెండువ్రేళ్ల నడుమ విఱిచి చూడుడు. ఎండినది టపుక్కున విఱుగును, పైన నునుపుగా మెఱయును. వంగి, పొడియై రాలినచో తేమ చేరినదన్నమాట. అట్టివానిని క్రొత్తవానితో కలుపక, నీళ్లపొయ్యికి ముందుగా వాడుకొనుడు. క్రొత్తసంచి వచ్చినప్పుడు పీపాను పూర్తిగా వట్టిచేసి, తుడిచి, ఒక పగలు ఎండలో బోర్లించిన తరువాతనే నింపవలెను.