పాలే విషమయ్యే వేళ

జీవక్రియ లోపాలతో పుట్టిన శిశువులను కాపాడేది ఖరీదైన యంత్రాల కంటే ముందు, సమయానికి అందే ఒక రక్తపరీక్ష

పుట్టినప్పుడు అంతా సవ్యంగానే ఉంటుంది. రెండో రోజో మూడో రోజో బిడ్డ మందకొడిగా మారుతుంది. పాలు తాగదు. వాంతులు, ఆయాసం, ఆపై ఫిట్స్. వైద్యులు మొదట అనుమానించేది ఇన్‌ఫెక్షన్‌నే. కానీ కొందరిలో అసలు కారణం వేరు. పాలలోని ప్రోటీన్‌నో, చక్కెరనో వినియోగించుకోవడానికి కావలసిన ఎంజైమ్ జన్యులోపం వల్ల ఉండదు. అమోనియా వంటి విషాలు పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తాయి.

తొలి చికిత్స సులువే. తాత్కాలికంగా పాలు ఆపి గ్లూకోజ్ ఎక్కించాలి. అమోనియా దిగిరాకపోతే సోడియం బెంజోయేట్ వంటి మందులు, చివరికి డయాలిసిస్. కష్టమల్లా జబ్బును గుర్తించడంలోనే.

జంషెడ్‌పూర్ సంగతే చూడండి. 1961లో మొదలైన మహాత్మాగాంధీ మెమోరియల్ వైద్య కళాశాల మాంగోలోని డిమ్నాలో ఉంది. దాని ఆస్పత్రి మాత్రం దశాబ్దాల పాటు సువర్ణరేఖ నది అవతల సాక్చిలో నడిచింది. అక్కడ 30 రోజుల్లో 52 మంది శిశువులు మరణించారని 2017లో వార్తలొచ్చాయి. పోషకాహార లోపమే కారణమని అధికారులు చెప్పారు. ఇలాంటి జాబితాల్లో జీవక్రియ లోపాల పేరు కనిపించడం అరుదు. పరీక్షించని జబ్బు లెక్కలోకి రాదు.

ఆ లెక్క చిన్నది కాదని హైదరాబాద్ అనుభవం చెబుతోంది. అక్కడి నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించగా సుమారు వెయ్యికి ఒకరిలో ఇలాంటి లోపం బయటపడింది. ఆ ఫలితాలు 2004లో ప్రచురితమయ్యాయి. మేనరికాలు ఈ ముప్పును పెంచుతాయి. ఉక్కు నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలూ గమనించాల్సిన విషయమిది.

అరుదైన వ్యాధులపై 2021 నాటి జాతీయ విధానం కింద, జాబితాలోని జబ్బులకు నిర్దేశిత కేంద్రాల్లో రూ.50 లక్షల దాకా సాయం అందుతుంది. కోల్‌కతాలోని ఐపీజీఎంఈఆర్ వాటిలో ఒకటి. టాటానగర్ నుంచి రైల్లో సుమారు 250 కి.మీ. ఫిల్టర్ కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్క కొరియర్‌లో అంతదూరమూ వెళ్లగలదు. అమోనియా నమూనా వెళ్లలేదు. దాన్ని మంచులో పెట్టి వీలైతే అరగంటలోపే పరీక్షించాలి. కాబట్టి ఆ పరీక్ష బిడ్డ ఉన్న ఆస్పత్రిలోనే జరగాలి. ట్రాఫిక్ జామ్‌లకు పేరుమోసిన మాంగో వంతెన అవతల జరిగితే ప్రయోజనం తక్కువ.

బిడ్డ దక్కకపోయినా ఆ ఎండిన రక్తపు చుక్కను భద్రపరచాలి. ఈ లోపాల్లో చాలావాటికి తల్లిదండ్రులిద్దరూ వాహకులు. ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు ఉంటుంది. జబ్బు పేరు తెలిస్తే తర్వాతి గర్భంలోనే పరీక్షించే వీలుంటుంది. తెలియకపోతే ఆ దంపతులు మళ్లీ అదే మూడో రోజు కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురుచూడాల్సిందే.