ఎస్ఏపీ స్క్రీన్‌ని మనకి నచ్చినట్టు మార్చొచ్చా?

మీ ఫోన్‌లో ఐకాన్ పట్టుకుని లాగి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుంటారు, ఎవర్నీ అడగరు కదా. మరి ఆఫీసులో ఎస్ఏపీ స్క్రీన్ మీద 40 ఫీల్డ్స్ ఉన్నాయి, స్టోర్స్‌లో కూర్చున్న మనిషికి కావల్సినవి 6. మిగతా 34 దాటుకుంటూ రోజుకి వంద ఎంట్రీలు కొట్టాలి. ఆ బాధ చూసినవాళ్ళకే తెలుస్తుంది.

పాత ఈసీసీ రోజుల్లో దీనికి ఎగ్జిట్స్, బాడీలు అని అధికారిక దారులు ఉండేవి. అవి కుదరకపోతే ఎస్ఏపీ రాసిన ప్రోగ్రామ్‌లోనే చెయ్యి పెట్టాలి. దానికి ఎస్ఏపీ దగ్గర యాక్సెస్ కీ తీసుకోవాలి. అసలు తలనొప్పి అప్‌గ్రేడ్ రోజు మొదలయ్యేది. ఎస్‌పీఏయూ అనే ట్రాన్సాక్షన్ తెరిస్తే, మనం మార్చినవన్నీ వరసగా నిలబడి అడుగుతాయి: నీ కోడ్ ఉంచాలా, కొత్తది తీసుకోవాలా? రాసినాయన కంపెనీ మారిపోయి ఉంటాడు. ఇంకేం చెప్తారు!

2013లో ఫియోరీ వచ్చింది. దీని స్క్రీన్స్ ఎస్ఏపీయూఐ5 మీద నడుస్తాయి. ఇందులో నాకు బాగా నచ్చిన ఐడియా ఏంటంటే, ఒరిజినల్ యాప్‌ని ముట్టుకోరు. మీరు చేసిన ప్రతి మార్పూ ఒక చిన్న ఫైల్‌గా విడిగా సేవ్ అవుతుంది. యాప్ ఓపెన్ అయినప్పుడు ఒరిజినల్ మీద ఆ మార్పుల్ని పరుస్తారు, పటం మీద ట్రేసింగ్ పేపర్ పరిచినట్టు. అడుగున ఎస్ఏపీది, దానిపైన కంపెనీది, అన్నిటికన్నా పైన యూజర్ సొంతది. అప్‌గ్రేడ్‌లో మారేది అడుగు పొర మాత్రమే.

మామూలు యూజర్ తన వరకు టేబుల్ కాలమ్స్, ఫిల్టర్స్ మార్చుకుంటాడు. కీ యూజర్ పర్మిషన్ ఉంటే మెనూలో అడాప్ట్ యూఐ కనిపిస్తుంది. అక్కడ ఫీల్డ్ దాచడం, జరపడం, పేరు మార్చడం, కోడ్ ఒక్క లైన్ లేకుండా అందరికీ చేసేయొచ్చు. కొత్త లాజిక్ కావాలంటే మాత్రం డెవలపర్ రావాల్సిందే. ఆయన అడాప్టేషన్ ప్రాజెక్ట్ పెట్టి, కంట్రోలర్ ఎక్స్‌టెన్షన్ రాస్తాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రతి మార్పూ ఫలానా కంట్రోల్‌కి అని దాని ఐడీతో అతుక్కుని ఉంటుంది. డెవలపర్ ఐడీ ఇవ్వకపోతే ఫ్రేమ్‌వర్కే బటన్3 లాంటిది ఏదో పెట్టేస్తుంది. రేపు ఇంకో బటన్ ముందుకొస్తే ఆ నంబర్ మారిపోతుంది, మీ మార్పు గాల్లో వేలాడుతుంది. అందుకే స్టేబుల్ ఐడీ, స్టేబుల్ ఐడీ అని అంత గోల. సొంతంగా యాప్ రాసేవాళ్ళు బద్ధకించేది సరిగ్గా ఇక్కడే.

ఇంకోటి, ఇది సీరియస్. జీతం ఫీల్డ్ స్క్రీన్ మీద దాచేశాం, ఇంక ఎవరూ చూడలేరు అనుకోకండి. దాచింది కంటికి మాత్రమే. వెనకాల ఓడేటా సర్వీస్ ఆ వివరాలు పంపుతూనే ఉండొచ్చు, బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తాయి. ఎవరు ఏది చూడాలన్నది బ్యాకెండ్ ఆథరైజేషన్‌లో తేల్చాలి. ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు ఈ తేడా చెప్పగలిగేలా ఉండండి.

కోర్సుకి డబ్బులు కట్టేముందు ఓపెన్‌యూఐ5 డౌన్‌లోడ్ చేసి చూడండి. అది ఓపెన్ సోర్స్, ఫ్రీ. ఎక్స్‌ఎమ్‌ఎల్ వ్యూ ఒకటి రాసి, ప్రతి కంట్రోల్‌కీ ఐడీ మీరే ఇవ్వండి. కంట్రోలర్ ఎక్స్‌టెన్షన్ వచ్చే ఎపిసోడ్‌లో లైవ్‌గా రాద్దాం.