అచ్చు వేసే ముందు

"అచ్చోసిన ఆంబోతు అంటే ఏంటి తాతయ్యా?" అని రాత్రి అడిగావు కదరా చిన్నా. ఇప్పుడది తిట్టు. ఒకప్పుడు గౌరవం. మేలైన కోడెను ఎంచి, దేవుడి పేరున ఒంటిమీద ముద్ర కాల్చి ఊరిమీదికి వదిలేవారు. ఆ ముద్రే అచ్చు. ఎవరి చేలో మేసినా కొట్టేవాళ్ళు కాదు. ఊరి దూడలన్నీ దాని బిడ్డలే మరి.

ఇంకో రకం అచ్చును, అంటే డైని, మన బాలానగర్ షెడ్లలో చూశావుగా. ప్రెస్సు కింద ముక్క ఒకటి చెడితే పక్కన పడేస్తాం. అదే డైలో గీత పడితే వేల ముక్కల మీదా ఆ గీతే. అందుకే డైకి అన్ని కొలతలు, అన్ని ట్రయల్స్. ఆ పని నేర్పడానికే 1968లో ఇక్కడ టూల్ డిజైన్ సంస్థ పెట్టారు.

ఆంబోతూ అలాంటి అచ్చే. ఆవు జన్మంతా ఈనినా ఎనిమిదో, పదో దూడలు. ఆంబోతు వీర్యాన్నయితే పావు మిల్లీలీటరు పట్టే స్ట్రాల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. కరీంనగర్‌లో, నంద్యాలలో ఆ కేంద్రాలున్నాయి. ఒక్కదానికే వేల దూడలు. ప్రతి దూడలో సగం జన్యువులు దానివే.

మా ఇంట్లో పుట్టిన ఒంగోలు కోడెను మా నాయన దూడప్పటి నుంచీ పలుపు వేసి నడిపించేవాడు. రోజూ ఒళ్ళు నిమిరి, కాళ్ళెత్తి గిట్టలు చూసేవాడు, పరాయి చెయ్యి తగిలినా బెదరకూడదని. అచ్చు వేసే ఆంబోతును ఎంచే రోజున మాత్రం తాను పక్కకు తప్పుకున్నాడు. పొరుగూరి పెద్దలు దాన్ని మెత్తని మట్టిలో నడిపించి, ముందు గిట్ట జాడలో వెనక గిట్ట పడుతోందా అని వంగి చూశారు.

జర్మనీలో వార్మ్‌బ్లడ్ గుర్రాలకూ ఇలాంటి పరీక్షే. పేరు విని నెత్తురు వేడనుకోకు. ఏ గుర్రం ఒళ్ళైనా సుమారు 38 డిగ్రీలే. ఆ పేరు స్వభావానికి. రెండున్నరేళ్ళ మగ గుర్రాన్ని రౌతు లేకుండా పరుగెత్తించి, దూకించి చూస్తారు. నెగ్గినవాటికే సంతానానికి అనుమతి.

ఇప్పుడు డాక్టర్లు కోడె వృషణాల చుట్టుకొలత టేపుతో కొలుస్తారు. అవి ఒంటికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే బయట వేలాడతాయి. వీర్యకణం తయారవడానికి రెండు నెలలు పడుతుంది. ఇవాళ్టి జ్వరం చెరుపు వారాల తర్వాత గానీ బయటపడదు. క్షయ, బ్రూసెల్లా పరీక్షలూ తప్పవు. ఎంత మంచి ఆంబోతునైనా మూడేళ్ళకు ఊరు మార్చాలి. లేకపోతే అది సొంత బిడ్డలతోనే కలుస్తుంది, దాగి ఉన్న లోపాలు జంటకట్టి పైకి తేలతాయి.

మన ఒంగోలు దగ్గర కరవది ఊరి ఆంబోతు ఒకటి 1960ల తొలినాళ్ళలో బ్రెజిల్ వెళ్ళింది. అక్కడి నెలోర్ పశువుల వంశవృక్షాల్లో దాని పేరు నేటికీ కనిపిస్తుంది. నెలోర్ అంటే మన నెల్లూరే! ఒక్క మంచి అచ్చు ఎంత దూరం పోతుందో చూడు.

మా కోడెకు అచ్చు పడలేదు. వెనక కాలు కాస్త లోపలికి తిరిగింది. నాయన దాని మెడ నిమిరి ఇంటికి తోలుకొచ్చాడు. విత్తు కొట్టించి కాడికి కట్టాడు. పన్నెండేళ్ళు మా చేను దున్నింది. ముద్దు మన కోడెది. అచ్చు మాత్రం ఇంకా పుట్టని దూడలదిరా నాన్నా.